ఆదివారం ఎవరిది?

తృప్తిని గురించి మనవాళ్ళు రాయటం మానేసి చాలాకాలమయింది. ఆ మాటను స్వాములవార్లకూ, వ్యక్తిత్వ వికాస పుస్తకాల వారికీ, ఫామ్‌హౌసులు అమ్మే దళారీలకూ వదిలేశాం. వాళ్ళు దాన్ని మహాశ్రద్ధగా సాగుచేసుకుంటున్నారు. ఒకాయన కోరికలు తగ్గించుకొమ్మంటాడు. మరొకాయన పొద్దున్నే లేచి మొక్కలకు నీళ్ళు పోసుకుంటే మనసు కుదుటపడుతుందంటాడు. మూడో ఆయన మొయినాబాదు పొలిమేరలో పది గుంటల జాగా చూపించి, శని ఆదివారాలు ఇక్కడ గడిపితే సోమవారానికి మళ్ళీ పుట్టినట్టుంటుందంటాడు. మొదటి ఇద్దరూ మాటలు మాత్రమే అమ్ముతారు. మూడో ఆయన రిజిస్ట్రేషను కూడా చేయిస్తాడు.

దీనికి మన జవాబేమిటి? మన సభల్లో హాబీ అనే మాట వినబడితే ఒక నవ్వు నవ్వుతాం. పక్షులను చూడటానికి తెల్లవారుజామున లేచేవాడు, తపాలా బిళ్ళలు పోగుచేసేవాడు, సాయంకాలం చదరంగం బల్ల ముందు కూచునేవాడు మన లెక్కలో పెటీబూర్జువా పలాయనవాదులు. ఉద్యమంలో వున్నవాడికి వ్యాపకం ఎందుకని అడుగుతాం. ఈ రెండు వైఖరులూ పైకి బద్ధవిరుద్ధంగా కనిపిస్తున్నా, లోపల ఒకే నమ్మకం మీద నిలబడి వున్నాయి. నిత్యజీవితంలోని ఆనందం తీరిక వున్నవాళ్ళ సొత్తు అన్నదే ఆ నమ్మకం. స్వామివారు ఆ సొత్తును అమ్ముకుంటున్నారు. మనం దాని మీద మనకున్న హక్కు పత్రాన్ని మనచేతులతో చించేస్తున్నాం. ఈ వ్యాసం ఆ చించివేతకు వ్యతిరేకంగా రాస్తున్నది.

గాలిలో వాదించటం నాకు చేతకాదు గనుక ఒక రోడ్డు మీద నిలబడి వాదిస్తాను.

2025 నవంబరు 3, సోమవారం. తాండూరులో తెల్లవారకముందే బయలుదేరి హైదరాబాదు వస్తున్న ఆర్.టి.సి. బస్సును చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర ఎదురుగా వచ్చిన కంకర టిప్పరు ఢీకొన్నది. టిప్పరులోని కంకర బస్సులో కూచున్నవాళ్ళ మీద కుమ్మరించుకున్నది. 19 మంది చనిపోయారు. సోమవారం అన్న మాటను పాఠకులు గమనించాలి. సెలవుకు ఇంటికి పోయి, రెండు పూటలు అమ్మ చేతి అన్నం తిని, మళ్ళీ నగరంలో కాలేజీకీ, పనికీ చేరుకోవలసిన జనం ఎక్కే బస్సు అది. వాళ్ళకున్న తీరికంతా అంతకుముందు రోజుతో అయిపోయింది.

ఆ ముందురోజు ఆదివారం. ప్రతి ఆదివారమూ ఆ దారి పట్టుకుని నగరం నుంచి కార్లు బయలుదేరతాయి. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు మొక్కుకోవటానికీ, వచ్చినవాళ్ళు నూటెనిమిది చెల్లించటానికీ చిలుకూరు బాలాజీ గుడికి కొన్ని పోతాయి. మొయినాబాదు ఫామ్‌హౌసులకు కొన్ని, మూసీ పుట్టే అనంతగిరి కొండలకు మరికొన్ని. ఒకే రోడ్డు ఒక వర్గానికి ఆదివారపు తృప్తిని అందిస్తుంది, ఇంకొక వర్గాన్ని సోమవారం పనికి తోలుకుపోతుంది. ఇద్దరి మీదా ఒకే మర్రిచెట్ల నీడ.

ఆ మర్రిచెట్ల కథే మన కథ. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల దారికి అటూ ఇటూ తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో బాటసారుల కోసం నాటినవని పెద్దలు చెబుతారు. హైదరాబాదు–బీజాపూరు దారిని జాతీయ రహదారిగా వెడల్పు చేయాలన్న పథకం వచ్చినపుడు వీటికి గొడ్డలి తప్పదన్నారు. అప్పుడు అడ్డం నిలబడిందెవరు? పార్టీలు కావు. రైతుసంఘాలు కావు. మన రచయితల సంఘాలు అంతకంటే కావు. ఆదివారాలు చెట్లను చూడటానికి, పిట్టలను చూడటానికి, ఫొటోలు తీసుకోవటానికి ఆ దారిన తిరిగే నగరవాసులు కొందరు. వ్యాపకం కొద్దీ ఒకరికొకరు పరిచయమైనవాళ్ళు. వాళ్ళు ఒక్కొక్క చెట్టునూ లెక్కవేశారు. ‘సేవ్ బన్యన్స్ ఆఫ్ చేవెళ్ళ’ అని పేరు పెట్టుకున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళారు. సంవత్సరాల తరబడి వాయిదాలకు తిరిగారు.

వాళ్ళు రోడ్డే వద్దన్నారని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. చెట్లను వుంచి రోడ్డును వెడల్పు చేయండన్నారు. చివరకు రహదారుల సంస్థ పథకాన్ని మార్చి ఎక్కువ చెట్లను వున్నచోటనే వుంచటానికి ఒప్పుకున్నది. ప్రమాదానికి కొద్దిరోజుల ముందే ట్రిబ్యునలు పనులకున్న అడ్డు తొలగించింది కూడా.

అయినా ప్రమాదం జరిగిన రోజు సాయంకాలానికే తీర్పు వెలువడింది. కొందరి చెట్ల సరదా 19 మంది ప్రాణాలు తీసిందని. రోడ్డున పడ్డ కుటుంబాల నోట ఆ మాట వస్తే నేను తలవంచుకుని వింటాను. కన్నబిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి తర్కం చెప్పేవాడు మనిషి కాదు. కాని ఆ మాట మనవాళ్ళ నోట కూడా విన్నాను. ‘చూశారా, మధ్యతరగతి హాబీల పర్యవసానం’ అని ఒక మిత్రుడు, మార్క్సిజం బోధించేవాడు, నాతో అన్నాడు. ఆయనతోనే నా తగాదా.

ఆయన్ను నేనడిగేది ఇది. వంకరలు తిరిగిన రెండు వరసల రోడ్డు మీద కంకర లారీలను పగ్గం లేకుండా వదిలిందెవరు? ఆ ఒక్క టిప్పరు సంగతి విచారణ చెబుతుంది. కాని ఆ దారిన రాత్రింబగళ్ళు పోయే కంకర, ఇసుక, ఇటుక ఎవరి మేడలకు పోతున్నాయో చెప్పటానికి విచారణ సంఘం అక్కర్లేదు. ఎక్కువ చెట్లను వుంచి కూడా రోడ్డు వేయవచ్చునని చివర తేలినప్పుడు, ఆ పథకాన్ని మొదటి సంవత్సరమే ఎందుకు గీయలేదు? చెట్టా, మనిషా అన్న ఎంపికను మనముందు పెట్టి, మనం కొట్టుకుంటుంటే చూస్తూ కూచున్నవాడెవడు? పెట్టుబడిదారీ ప్రణాళిక ఎప్పుడూ చేసే పనే ఇది. తన ఖర్చును రెండు బలహీనమైన పక్షాల మధ్యకు విసిరేసి, వాటిని తగవులాడుకోమంటుంది. మార్క్సిజం బోధించే మిత్రుడు ఆ తగవులో ఒక పక్షం తీసుకుని, దాన్ని వర్గదృష్టి అనుకుంటున్నాడు.

ఇంత చెప్పి, ఆ చెట్ల ప్రేమికులకు నేను వకాల్తా పుచ్చుకోవటం లేదు. వాళ్ళ వ్యాపకం ఎంత మంచిదో, దాని హద్దు ఎక్కడ వున్నదో, రెండూ చూడాలి.

మంచి సంగతి ముందు చెబుతాను. వ్యాపకం మనిషికి కళ్ళనిస్తుంది. రోజూ బస్సు కిటికీలోంచి చూసే చెట్టు వేరు, ఆదివారం దాని కింద రెండు గంటలు కూచుని చూసే చెట్టు వేరు. మర్రిచెట్టుకు పూలు లేవని మనలో చాలామంది అనుకుంటాం. ఆ ఎర్రని కాయ లోపలే పూలుంటాయి. కంటికి ఆనని ఒక చిన్న కందిరీగ, సన్నని రంధ్రం గుండా రెక్కలు తెగేటట్టు దూరి, ఆ పూలను ఫలవంతం చేస్తుంది. మర్రికి ఒక జాతి కందిరీగ, రావికి ఒకటి, మేడికి ఒకటి. మేడిపండు పొట్టలో పురుగులని పద్యాలు చెప్పి ఎగతాళి చేశాం గాని, ఆ పురుగు లేకపోతే ఆ చెట్టుకు గింజే కట్టదు. ఈ సంగతి తెలిసినవాడికి ఆ రోడ్డు వెంట చెట్టు పోతే ఏమేమి పోతాయో తెలుస్తుంది. తెలిసింది గనుకనే కోర్టు దాకా వెళ్ళాడు. వ్యాపకం అతన్ని లోకం నుంచి పారిపోయేటట్టు చేయలేదు. లోకంలోకి ఈడ్చుకొచ్చింది. పలాయనవాదమన్న మాట ఇక్కడ ఎట్లా అతుకుతుందో నాకర్థం కాదు.

రెండో మంచి ఇంకా పెద్దది. మన దేశంలో స్నేహం ఎక్కడ పుడుతుంది? వాడలో పుడుతుంది, ఆ వాడ కులానిది. చుట్టరికంలో పుడుతుంది, అదీ కులమే. ఆఫీసులో పుడుతుంది, అక్కడ పైవాడు, కిందివాడు వున్నారు. పార్టీలో పుడుతుంది, నిజమే, కాని పార్టీ చీలితే అదీ చీలటం మనమందరం చూశాం. నీ ఇంటిపేరేమిటి, మీదే వూరు, మీరేవిట్లు అని అడగకుండా, ఎత్తు బాగా వేశావన్న ఒక్క కారణం మీద ఒక మనిషి మరొక మనిషికి దగ్గరయ్యే చోటు ఈ గడ్డ మీద ఆటబల్ల, పాటకచ్చేరి, గ్రంథాలయం తప్ప ఎక్కువ లేవు.

చేవెళ్ళలో నాకలాంటి స్నేహితుడున్నాడు. పంక్చర్లు వేస్తాడు. బస్సు కోసం కూచున్నపుడు బండమీద బొగ్గుతో గీసిన పులి–మేక ఆట దగ్గర పరిచయం. మూడు పులులు, పదిహేను మేకలు. నేను పులుల పక్షం తీసుకున్నా, మేకల పక్షం తీసుకున్నా ఓడిపోతుంటాను. పదేళ్ళుగా మా స్నేహం ఆ బండ దాటి ఎటూ పోలేదు. ఒకరింటికి ఒకరం వెళ్ళలేదు. అయినా అతను జ్వరపడి నెలరోజులు దుకాణం తెరవకపోతే నాకు బస్సు దిగాలనిపించలేదు. దీన్ని ఏ సిద్ధాంత గ్రంథంలో ఏ అధ్యాయంలో పెట్టాలో నాకు తెలియదు. అది జీవితంలో వున్నది.

ఒకసారి అతన్నడిగాను, ఆదివారం ఏం చేస్తుంటావని.

‘‘ఐతారమా సారూ?’’ అన్నాడు. ‘‘ఐతారమే గిరాకీ ఎక్కువ. పట్నం కార్లు పోయేది అప్పుడే గద. మీకు సెలవు, నాకు కొలువు. ఇంట్ల ఆమెనడుగు, ఆమెకైతే ఐతారమంటే వారం బట్టలు పిండే దినం.’’

మిత్రులారా, హద్దు ఇక్కడ వున్నది. చెట్ల ప్రేమికుల స్నేహం కులం అడగలేదు, మంచిదే. కాని ఆ స్నేహంలో చేరటానికి ఒక ఆదివారం వుండాలి. ఆ ఆదివారం పంక్చర్లవాడికి లేదు, అతని భార్యకు మరీ లేదు. చేవెళ్ళ, మొయినాబాదు పల్లెల్లో ప్లాస్టిక్ కప్పు కింద జర్బెరాలు, గులాబీలు, కార్నేషన్లు పెంచుతారు. తెల్లవారకముందే కోసి, కట్టలు కట్టి, నగరంలో గుడిమల్కాపూరు మార్కెట్టుకు పంపుతారు. కోసే చేతులు ఎక్కువగా ఆడకూలీలవి. నగరంలో డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకుని పూలు పూయిస్తే అది మనసుకు హాయినిచ్చే వ్యాపకం. అదే పూవు, అదే మన్ను, అదే నీరు, రోజుకూలీ చేతిలో నడుము నొప్పి. తేడా పువ్వులో లేదు. ఎవరి కాలం ఎవరి చేతిలో వున్నదన్న దానిలో వున్నది. వ్యాపకానికి నిర్వచనం నన్నడిగితే ఇదే చెబుతాను: మనిషి తన కాలానికి తానే యజమాని అయి చేసే శ్రమ. అంతకంటే విప్లవకరమైన భావన నాకు కనబడదు.

మార్క్సు దాన్ని చిన్నచూపు చూడలేదు. ఉదయం వేట, మధ్యాహ్నం చేపలు, భోజనం తరువాత విమర్శ అని సరదాగా ఒక చిత్రం గీసినవాడు ఆయనే. ‘కాపిటల్’ మూడవ సంపుటంలో స్వేచ్ఛకు తొలిమెట్టు పనిదినాన్ని కుదించటమేనని గంభీరంగా తేల్చినవాడూ ఆయనే. 1886 మే నెలలో చికాగో కార్మికులు సమ్మెకట్టింది కూలి పెంపు కోసం కాదు, ఎనిమిది గంటల పనిదినం కోసం. పనికి ఎనిమిది, నిద్రకు ఎనిమిది పోగా మిగిలిన ఎనిమిది గంటలు మా ఇష్టం అన్నదే ఆ ఉద్యమం కోరిక. ఆ ‘మా ఇష్టం’లో చదరంగం వున్నది, చేపల గాలం వున్నది, ఊరికే కూచోవటం కూడా వున్నది. మనం మేడే నాడు మొదటి ఎనిమిదిని గురించి ఉపన్యాసాలిస్తాం. మూడో ఎనిమిదిని గురించి మాట్లాడితే సిగ్గు.

మనం సిగ్గుపడుతుంటే ఆ మూడో ఎనిమిదిని కొరుక్కుతినేవాళ్ళు సిగ్గుపడటం లేదు. మన దేశంలో ఫ్యాక్టరీ వారానికి 54 గంటలుగా వున్న పనిని 48కి తగ్గించింది 1946 సవరణ. ఆ కాలంలో వైస్రాయి మండలిలో కార్మిక శాఖను నడిపింది అంబేద్కర్. అక్కడి నుంచి ఎనభై యేళ్ళు నడిచి ఎక్కడికి వచ్చాం? 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి అధిపతి దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూచుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారన్నారు. ఇవి పెద్దమనుషుల సరదా మాటలని కొట్టిపారేయకండి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 దాటకూడదన్న కట్టు వున్నది. దాటితే అదనపు వేతనమట. తాండూరు నుంచో చేవెళ్ళ నుంచో నగరానికి పోయి వచ్చేవాడికి పది గంటల పని అంటే, దారి కలుపుకుంటే ఎంతవుతుందో లెక్కల మాస్టారు పిల్లలచేత కట్టించవచ్చు. వాడి చదరంగం బల్ల మీద దుమ్ము పేరుకుంటుంది. ఆదివారం భార్య ముఖం చూడటం మాట అటుంచి, ఆ భార్య ముఖం ఎదురుగా వున్నా చూసే ఓపిక మిగలదు.

కాలం సంగతి అది. స్థలం సంగతి మరొకటి.

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడని సామెత. 1908 మూసీ వరదల తరువాత కట్టిన జంట జలాశయాలు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయినవి. ఈ నీళ్ళను కాపాడటానికి 1996 మార్చి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 111 నెంబరు ఉత్తర్వు వేసింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. మొయినాబాదు, చేవెళ్ళ మండలాల గ్రామాలు వాటిలో వున్నాయి. ఆ ఉత్తర్వులో ఒక మాటను మనవాళ్ళెవరూ పట్టించుకోలేదు. దాదాపు 90 శాతం భూమిని పరిరక్షణకూ, వినోదానికీ, వ్యవసాయంతో సహా, కేటాయించాలన్నది. వినోదం! సర్కారు కాగితం మీద ఆ మాట పడటమే అరుదు. ఎవరి వినోదమని మనం ఆనాడే అడగవలసింది. పార్కులా, ఆటస్థలాలా, చెరువుగట్టున పిల్లలు ఈత నేర్చుకునే రేవులా? అడగలేదు. అడగనివాడికి ఎవరూ పెట్టరు గదా. ఫ్యాక్టరీలు, పెద్ద భవనాలు రాకుండా ఉత్తర్వు ఆపింది, అది మేలే. కాని ఆ ఖాళీలో ప్రహరీగోడలు లేచాయి. గోడ లోపల పచ్చిక, ఈతకొలను, గుర్రాలు. గోడ బయట, ఆ భూమిని అమ్ముకున్న రైతు కాపలాదారుగా, అతని కొడుకు మాలిగా. 2022 ఏప్రిలులో 69 నెంబరు ఉత్తర్వు ఆ కట్టుబాట్లను కూడా సడలించింది.

గోడల లోపలి వినోదాలు ఎలాంటివో అప్పుడప్పుడు పత్రికలు చెబుతుంటాయి. 2022 అక్టోబరులో శాసనసభ్యులను కొనబోయారన్న కేసు పుట్టింది మొయినాబాదు ఫామ్‌హౌసులోనే. 2025 ఫిబ్రవరిలో అదే మండలంలోని ఒక ఫామ్‌హౌసులో కోడిపందేలను పోలీసులు పట్టుకున్నారు. పల్లెలో సంక్రాంతికి రెండు కోళ్ళను వదిలితే నేరస్థుడైన రైతు, అవే కోళ్ళు కార్లలో వచ్చినపుడు ఏమనుకుని వుంటాడో! పందెం మంచిదని నేననటం లేదు. ఎవరి సరదాకు గోడ దొరుకుతున్నదో చూడమంటున్నాను.

నగరపు చెట్ల ప్రేమికుడు ఈ గోడలవాడు కాడు. అతను రోడ్డు పక్కన, అందరి చెట్టు కింద నిలబడ్డాడు. అందుకే అతనితో మనకు పేచీ కాదు, సంభాషణ వుండాలి. అతని తప్పల్లా ఆ చెట్టు కింద అంతకుముందే నిలబడి వున్నవాడిని చూడకపోవటం. బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఆ చెట్టు గత యాభై యేళ్ళుగా నీడనిస్తున్నది. కందిరీగ కథ అతనికి తెలియకపోవచ్చు. ఏ నెలలో పండ్లు రాలుతాయో, ఏ కొమ్మ మీద గోరింకలు గొడవచేస్తాయో తెలుసు. నేను చూసినంతలో ఆ ఉద్యమ చర్చ ఎక్కువభాగం ఇంగ్లీషులో నడిచింది. చెట్లకు ముప్పు అన్న మాట ఎంత గట్టిగా వినిపించిందో, ఈ రోడ్డు మనుషులకు ముప్పు అన్న మాట అదే నోటినుంచి అంత గట్టిగా వినిపించలేదు. బస్సులోని మనిషి వాళ్ళ ఆదివారపు నడకలో వుండివుంటే వినిపించేది. అతను లేడు. లారీల వేగాన్ని ఇప్పుడే, ఈ వారమే కట్టడి చేయమని, చెట్లవాళ్ళూ బస్సువాళ్ళూ ఒకే కాగితం మీద సంతకం పెట్టివుంటే, ‘చెట్టా మనిషా’ అన్న కపట ప్రశ్న పుట్టటానికి సందు దొరికేది కాదు.

నడకను గురించే మరొక దేశపు సంగతి చెబుతాను. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండులో మాంచెస్టరు చుట్టుపక్కల కార్ఖానాల యువకులు కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండపీఠభూమి ఎక్కారు. అది భూస్వాముల వేటభూమి. మామూలు మనుషులు కాలు పెట్టకూడదు. వీళ్ళు కోరింది ఆదివారం నడవటం మాత్రమే. నడవనివ్వకపోవటం వల్ల అది తిరుగుబాటయింది. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్ ఇరవై యేళ్ళ కమ్యూనిస్టు యువకుడు. కార్మికుల క్రీడాసమాఖ్యవాడు. అయిదుగురిని జైల్లో పెట్టారు. 1949లో ఆ దేశంలో జాతీయ వనాలకూ, పల్లెసీమల్లో ప్రవేశానికీ చట్టం వచ్చింది. ఆ కొండలున్న ప్రాంతమే 1951లో మొదటి జాతీయ వనమయింది. వాళ్ళ నాయకులెవరూ నడక పెటీబూర్జువా సరదా అని చెప్పి పిల్లలను వెనక్కి పంపలేదు. మంచిదయింది.

అంతదూరం పోవటమెందుకు? మనకే వున్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ళు జనానికి చదివే సరదా నేర్పారు. ఆ సరదా నిజాం రాజ్యంలో ఎక్కడిదాకా పోయిందో చరిత్ర చెబుతుంది. వెట్టిచాకిరీలో బతికిన తెలంగాణ పల్లె మనిషికి తన కాలమంటూ ఒకటి లేకుండా చేయటమే దొర అధికారపు మూలం. పిలిచినపుడు పోవటమే వెట్టి. అలాంటి మనిషి సాయంకాలం ఒక గంట చదువుకుంటాను, బుర్రకథ వింటానని అనటమే ధిక్కారం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పల్లెలకు పోయి ఏం చేసింది? జనం తమ సరదాలని ముచ్చటపడే కళలనే తీసుకుని, వాటిలో వాళ్ళ బతుకును పెట్టింది. బుర్రకథ కాలక్షేపమని నాజర్‌ను ఎవరైనా ఆపివుంటే మన ఉద్యమం ఎంత మూగదై వుండేది!

ఇప్పుడు నా మిత్రుడు అనబోయే మాట నాకు తెలుసు. ఇవన్నీ సంస్కరణవాదం, తృప్తిపడ్డవాడు పోరాడడు, అసంతృప్తే విప్లవానికి ఇంధనం అంటాడు. నేనిది నమ్మను. ఆకలి ఇంధనం కావచ్చు. అలసట కాదు. పన్నెండు గంటలు పనిచేసి ఇల్లు చేరినవాడు సభకు రాడు, సెల్‌ఫోను తెర మీద వేలు రాస్తూ నిద్రపోతాడు. ఆ తెర వెనక వాడి అలసటను అమ్ముకునే మరొక వ్యాపారం వున్నది. ఆనందం రుచి ఒక్కసారి తెలిసినవాడే దాన్ని లాక్కోబోయినవాడి చేయి పట్టుకుంటాడు. చేవెళ్ళ చెట్లవాళ్ళు సంవత్సరాల తరబడి కోర్టు మెట్లెక్కింది అసంతృప్తితో కాదు. తమకు దొరికిన ఒక తృప్తిని వదులుకోలేక. వున్నదానితో సరిపెట్టుకొమ్మని స్వామివారు చెప్పే తృప్తికీ, దీనికీ పేరొక్కటే. ఆ తృప్తి మనిషిని కూచోబెడుతుంది, ఈ తృప్తి లేపుతుంది.

కాబట్టి చేవెళ్ళలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయ మిత్రులనూ, తాండూరు బస్సులో వచ్చే విద్యార్థులనూ ఒక పని చూడమంటున్నాను. వెడల్పయ్యే రోడ్డుకు మధ్యలో చెట్టును నిలబెట్టి, అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు కార్లను పరిగెత్తిస్తే, చెట్టు బతికినట్టే. లెక్కలో చేరుతుంది, ఫొటోలో అందంగా వుంటుంది. దాని కిందికి నడిచిపోయి కూచునేదెట్లా? వూరివైపు నీడ ఏ స్టేజీ దగ్గర మిగులుతున్నది, ఏ స్టేజీ దగ్గర పోతున్నది, పిల్లలు రోడ్డు దాటే చోటు ఎక్కడ, సోమవారం పొద్దున ఎన్ని బస్సులు, అందులో నిలబడేవాళ్ళెందరు? ఈ లెక్క ఇంకా ఎవరూ తీయలేదు. చెట్లను లెక్కపెట్టటం తెలిసినవాళ్ళు నగరంలో వున్నారు, పిలిస్తే ఏ ఆదివారమైనా వస్తారు. పంక్చర్ల దుకాణం ముందున్న బండ మీద నలుగురు కూచోవచ్చు. ఆ ఆదివారం దుకాణం మూస్తే పోయే గిరాకీ ఎంతో ముందుగా అడిగి, చందా వేసుకుని అతని చేతిలో పెట్టి, అతన్ని కూడా లెక్కకు తీసుకుపోండి. ఏ చెట్టు ఎక్కడున్నదో అతనికి తెలుసు.